పట్టుకుని లాగితే వచ్చేది ఏది?

ప్యాక్‌మ్యాన్ ఆటను నడిపే ప్రోగ్రామ్ మొత్తం 16 కిలోబైట్లు, బొమ్మలకు మరో 8. ఇప్పటి ఫోన్‌లో తీసే ఒక్క ఫొటో దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. 1997లో ఇటలీ ప్రోగ్రామర్ నికోలా సాల్మోరియా ‘మేమ్’ అనే ప్రోగ్రామ్‌ను విడుదల చేసినప్పటి నుంచి ఇలాంటి పాత ఆర్కేడ్ ఆటలను ఇంటి కంప్యూటర్‌లోనే ఆడుకోవచ్చు. అయినా అమెరికాలో సెలవు రోజు పొద్దున్నే పికప్ ట్రక్కు వేసుకుని పక్క రాష్ట్రానికి పోయి, ఎవరి నేలమాళిగలోంచో 100 కిలోలు దాటిన ఆర్కేడ్ మెషీన్ చెక్కపెట్టెను మెట్ల మీదుగా పైకి ఈడ్చుకొచ్చేవాళ్లు ఉన్నారు. ఆట జేబులో పట్టేస్తున్నప్పుడు ఇంత మోత దేనికి?

మోసేటప్పుడు పక్కన నిలబడి చూడాలి. 1980ల నాటి నిలువు మెషీన్ దాదాపు మనిషెత్తు ఉంటుంది. గాజు పిక్చర్ ట్యూబ్ పైభాగంలో ఉండటంతో ఎటు తూలుతుందో తెలియదు. ముందుగా వెనక తలుపు తీసి, సర్క్యూట్ బోర్డు కదలకుండా ఉందో లేదో చూస్తారు. ట్యూబ్ సన్నటి మెడకు ఏదీ తగలకూడదు, అది విరిగితే ట్యూబ్ పని అయిపోయినట్టే. ఒకరు పెట్టెను వెనక్కి వంచితే ఇంకొకరు అడుగున రెండు చక్రాల ట్రాలీ దూర్చి బెల్టు బిగిస్తారు. తర్వాత ట్రక్కు అంచుకు మెషీన్ వీపు ఆన్చి, కాళ్లవైపు ఎత్తి లోపలికి తోస్తారు. నిలబెట్టి తీసుకెళ్తే హైవే మీద గాలి ఊరుకోదు. పడుకోబెడితే, స్క్రూలు వదులైన ట్రాన్స్‌ఫార్మర్ ఊడి లోపలున్నవాటిని చితక్కొట్టవచ్చు. రెండు పద్ధతులకూ వీరాభిమానులున్నారు.

ఇందులో ‘మెషీన్’ ఏది? చెక్కా, ట్యూబా, బోర్డా, జాయ్‌స్టిక్కా? బౌద్ధ గ్రంథం ‘మిలింద పన్హ’లో నాగసేన భిక్షువు గ్రీకు రాజు మిలిందుణ్ణి ఇరుకున పెట్టింది ఇలాంటి ప్రశ్నతోనే. రాజు రథమెక్కి వచ్చాడు. ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా అని భిక్షువు ఒక్కొక్కటే అడుగుతూ పోయాడు. రాజు అన్నిటికీ కాదన్నాడు. అలాగైతే రథమనేది ఈ భాగాల కూడికకు పెట్టుకున్న పేరే తప్ప వేరే వస్తువు కాదని తేలింది. ఈ లెక్కన ట్రక్కులో ఉన్నది చెక్క, గాజు, ఇనుము. ప్యాక్‌మ్యాన్ అన్నది వట్టి పిలుపు.

న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు దీనికి ఒప్పుకోరు. అవయవాలు వేరు, వాటిలో ఉండే అవయవి, అంటే మొత్తం వస్తువు, వేరు అన్నది వాళ్ల సిద్ధాంతం. గౌతముడి న్యాయసూత్రాల రెండో అధ్యాయంలో దీనికి చూపిన ఆధారాల్లో ఒకటి ధారణ, ఆకర్షణ, అంటే పట్టుకోవడం, లాగడం. ఒక మూల పట్టుకుని లాగితే వస్తువంతా కదిలి వస్తుంది. ఇసుకకుప్పలోంచి గుప్పెడు లాగితే వచ్చేది గుప్పెడే. కూర్చుని చర్చించే శాస్త్రంలో ఇంత ఒంటి చాకిరీ వాసన వేసే యుక్తి అరుదు. ట్రాలీ తోసేవాడి భుజానికి ఇది వెంటనే ఎక్కుతుంది.

కానీ ఇక్కడే ఓ మెలిక ఉంది, దాన్ని ఆ సూత్రాలకు వాత్స్యాయనుడు రాసిన భాష్యమే ఎత్తి చూపుతుంది. గడ్డి, రాయి, కట్టె లక్కతో అంటిస్తే అవీ కలిసే కదులుతాయి, అంతమాత్రాన కొత్త వస్తువు పుట్టిందంటామా? అంటే కదలిక అంటు వల్లే గాని అవయవి వల్ల కాదన్నమాట. తడి నేల మీద ఏళ్ల తరబడి నిలిచిన మెషీన్‌ను ఎత్తబోయినవాళ్లకు ఈ ఆక్షేపణ చేతికి అందుతుంది. పార్టికల్ బోర్డు అడుగు నీరు తాగి ఉబ్బి ఉంటుంది, లాగితే మూల ఒక్కటే విరిగి చేతిలోకి వస్తుంది. జిగురు పోయింది, అవయవీ పోయింది.

ఇంతకంటే పెద్ద చిక్కు నింటెండో కంపెనీ తెచ్చిపెట్టింది. దాని ‘రాడార్ స్కోప్’ ఆట మెషీన్లు అమెరికాలో దాదాపు 2,000 అమ్ముడుపోక మిగిలాయి. ఆ కంపెనీలోని షిగెరు మియామోటో కొత్త ఆట తయారుచేశాక, 1981లో వాటి లోపలి సర్క్యూట్లు, పైనున్న బొమ్మలు మార్చి ‘డాంకీ కాంగ్’గా అమ్మేశారు. తొలినాటి ఎర్ర డాంకీ కాంగ్ పెట్టెలు అవే. పెట్టె పాతది, ఆట కొత్తది. దీన్ని పునర్జన్మ అని సరిపెట్టుకోవడం సులువే గాని, అలా అంటే పెట్టె వట్టి తొడుగు అయిపోతుంది. కాదనడానికి సాక్ష్యం ప్యాక్‌మ్యాన్ పెట్టెల మీదే ఉంది. చాలావాటికి ఎడమపక్క రంగు అరిగిపోయి కనిపిస్తుంది. కుడిచేత్తో జాయ్‌స్టిక్ తిప్పుతూ, ఆటలో పడి ఎడమచేత్తో పెట్టె అంచును బిగించి పట్టుకున్న పిల్లల పని అది. ఆ అరుగుదల 16 కిలోబైట్లలో ఎక్కడా లేదు, మేమ్‌తో పాటు రాదు.

అందువల్ల ఈ మోతగాళ్ల పక్షం నైయాయికులదే అనిపిస్తుంది. అయితే నైయాయికుల మాట పూర్తిగా వింటే మోతగాళ్లకు సుఖం లేదు. ఒక్క అవయవం తీసేసినా పాత అవయవి నశించి కొత్తది పుడుతుందని న్యాయవైశేషికుల పట్టు. దారిలో ఒక్క స్క్రూ రాలినా ఇంటికి చేరేది కొన్న మెషీన్ కాదు! సేకరణదారుల బేరాలు మాత్రం ఈ పట్టుకు పెద్ద దూరంలో లేవు. బోర్డు మార్చారా, ట్యూబ్ అప్పటిదేనా, పక్కల రంగు మళ్లీ వేశారా అని అడుగుతారు. ఒక్కో జవాబుకు ధర కొంత తగ్గిస్తారు. ఆ తర్వాతే బెల్టులు బయటికి తీస్తారు.