గొల్లకావిడి కింద మసక

పటమటలో మా డాబా మీద రాత్రి చలి బాగానే ఉంది. గొల్లకావిడి మూడు చుక్కల కింద చిన్న మసక మచ్చ ఉంటుంది, చూశారా? అదే ఓరియన్ నెబ్యులా. ఆ వెలుగు మన దాకా రావడానికి దాదాపు 1,300 ఏళ్లు పడుతుంది. 1880లో హెన్రీ డ్రేపర్ దాన్ని మొదటిసారి ఫొటో తీశాడు. మన హైదరాబాదు నిజామియా అబ్జర్వేటరీ కూడా 8 అంగుళాల టెలిస్కోపుతో ఏళ్ల తరబడి గాజు పలకల మీద చుక్కల్ని పట్టింది.

నా టెలిస్కోపుతో ఆ నెబ్యులాను ఫొటో తీయబోతే నాకు మాత్రం ఫోకస్ దగ్గరే తంటా. ఎనిమిదింటికి సరిచేసి, నిశ్చింతగా టీకి దిగాను. పదకొండింటికి చూస్తే చుక్కలన్నీ నానిన సగ్గుబియ్యంలా ఉబ్బి ఉన్నాయి! చలికి లోహపు గొట్టం వెంట్రుకవాసి కుంచించుకుపోయింది. పైగా బందరు కాలువ తేమ, అద్దం నిండా మంచు. హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, గొట్టం మూతికి బాహ్తినోవ్ మాస్క్ తగిలించాను. చీలికలు కోసిన పలక, అంతే. రిగెల్ చుక్క వైపు తిప్పితే తెర మీద మూడు గీతలు. నడిమి గీత సరిగ్గా మధ్యకొస్తే ఫోకస్ కుదిరినట్టు. ఊపిరి బిగబట్టి మర తిప్పాను. వచ్చింది.

ఆ మాస్క్ తియ్యడం మరిచిపోయి నలభై ఫొటోలు తీశానండీ.