నుదుటివ్రాతయు చేతిపనియు

సామెతలు పెద్దల అనుభవసారము. 1868లో కార్ దొర మద్రాసున ప్రకటించిన ‘ఆంధ్రలోకోక్తి చంద్రిక’లో అట్టి పలుకులు వేలకొలది చేరినవి. తెలుగువారి నోట నానుచున్న సామెతలలో అదృష్టమును గూర్చినవి రెండు పక్షములుగా చీలియున్నవి. “అదృష్టవంతుని చెరుపువాడు లేడు, భ్రష్టుని బాగుపరచువాడు లేడు” అని యొకటి. “చేసికొన్నవారికి చేసికొన్నంత మహదేవా” అని మరియొకటి. మొదటిది ఫలమును నుదుటిపై నుంచినది. రెండవది చేతిలో నుంచినది. వీనిలో దేనిని నమ్మవలెను?

ఈ ప్రశ్న పండితుల వాదములకు మాత్రమే చెందినది కాదు. వడగండ్లకు పైరు పోగా రైతు గట్టుపై కూలబడియుండును. “నుదుటివ్రాత తప్పునా” అని ఆ రైతు తనలో తా ననుకొన్నచో అది యూరట. శక్తికొలది దున్ని, విత్తి, కావలి కాచినవాడు ఆకాశము తన వశము కాదని గ్రహించి, తన్ను తాను నిందించుకొనక మరల నాగలి పట్టుటకు ఆ మాట తోడ్పడును. అదే మాటను పొరుగువాడు పలికి వెడలిపోయినచో దాని పని వేరు. విత్తనమునకై కొలచి యీయవలసిన నాలుగు కుంచముల గింజల బాధ్యతనుండి అది పొరుగువానిని తప్పించును. సామెత యొక్కటే, ఒకచోట మందు, మరియొకచోట మిష.

రెండవ సామెతయు ఈ పరీక్షకు లోబడినదే. తన సోమరితనమును సరిదిద్దుకొనువానికి అది కొరడా వంటిది. రోగముచే మంచము పట్టినవాని ముందు పలికినచో రాతిదెబ్బ వంటిది. కావున సామెత సత్యమా యని యడుగుట చాలదు. ఎవరు, ఎప్పుడు, ఎవరితో పలికిరని కూడ అడుగవలెను.

పన్నెండవ శతాబ్దమున కల్యాణమున బిజ్జలుని కొలువులో నుండిన బసవేశ్వరుడు కాయకమును, దాసోహమును జతగా బోధించుటలోని మర్మ మిచ్చట తెలియును. తన చేయి యేమి చేసినదని కాయకము ప్రశ్నించును. పొరుగువాని చేయి యేల ఖాళీగా నున్నదని దాసోహము ప్రశ్నించును. మొదటి ప్రశ్న తనకు, రెండవదియు తనకే. ఎదుటివాని నుదుటిని చదువుటకు అందు తావు లేదు.

ఆయ్దక్కి మారయ్య నేల రాలిన బియ్యమేరి దాసోహము నడపిన శరణుడు. ఒకనాడు ఆయన నిత్యము తెచ్చుదానికంటె అధికముగా తేగా, ఇల్లాలు లక్కమ్మ మిగులు బియ్యమును తెచ్చినచోటనే పోసి రమ్మనెనని శరణుల చరిత్ర చెప్పును. లోకులైనచో అదృష్టము కలిసివచ్చినదని సంతసించియుందురు. ఆమెకు మాత్రము అది ఆశగా తోచినది. లేమిని కర్మమని యేడ్వక, కలిమిని భాగ్యమని పొంగక, అవసరమును కొలతగా గైకొన్న యిల్లాలామె.

“కలిమిలేములు కావడికుండలు” అను సామెతను నేడున్నది రేపుండదను అర్థమున వాడుట పరిపాటి. కావడి మోసినవానికి మరియొక సంగతి కూడ తెలియును. ఒక కుండ నిండి, రెండవది ఖాళీగా నున్నచో కావడి భుజముపై నిలువదు. మోయువాడు దానిని విధి యని విడువడు. నిండుకుండనుండి కొంత తీసి ఖాళీకుండలో పోసి, కావడి నెత్తుకొని నడచును.