తెల్లబడిన పగడము

తెలుపును పవిత్రతకు గురుతుగా ఎంచుట మనకు వాడుక. సముద్రములో పగడము తెల్లబడుటకు మాత్రము అర్థము వేరు. పగడపు జీవి దేహములో కంటికి కానరాని నాచు నివసించును. ఎండ వెలుగుతో అది సిద్ధపరచు ఆహారమే ఆ జీవికి ముఖ్యాధారము, దాని రంగుకును చాలమట్టుకు అదియే కారణము. వేసవి నాటి మామూలు వేడికంటె నీరు ఒక్క డిగ్రీ హెచ్చి కొన్ని వారములు నిలిచినచో ఆ నాచు వెలుపలికి త్రోయబడును. సున్నపు ఎముకపైన పలుచని పొర మాత్రము మిగులును. అయినను పగడము అప్పుడే చచ్చినది కాదు. నీరు త్వరగా చల్లబడినయెడల నాచు తిరిగి చేరును, పగడము బ్రదుకును. ఆ కొద్ది వారముల గడువును గూర్చియే నేను తలంచుచున్నాను.

తూత్తుకుడి మొదలు రామేశ్వరము వరకు మన్నారు సింధుశాఖలో 21 దీవుల వరుస కలదు. వాటి చుట్టునున్న దిబ్బలను సున్నపు బట్టీల కొరకును కట్టడముల కొరకును ఏండ్ల తరబడి పెకలించిరి. అలల నడ్డగించు గోడ పోగా రెండు దీవులు నీట మునిగినవి. 2001లో ఈ పగడములు వన్యప్రాణి రక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేరినవి. క్రమముగా గునపము ఆగినది. తూత్తుకుడి పరిశోధకులు పగడపు ముక్కలను సిమెంటు పలకలకు కట్టి సముద్రపు అడుగున నాటుచు వచ్చిరి. ఇంతలో 2010లోను, మరల 2016లోను వేడి వచ్చి దిబ్బలను తెల్లబరచెను.

గునపము పట్టినవాడు తరచుగా బీదవాడు, గనుక చట్టమునకు సులువుగా చిక్కెను. నీటిని వేడిచేసినవాడెవడు? బొగ్గును చమురును కాల్చు మనమే. కొందరము మిక్కిలి హెచ్చుగా, ఆ తీరపు జాలరి బహు తక్కువగా. చేయి కానరాని గునపమిది.

అట్లయిన, వేడి తగ్గని నీటిలో ముక్కలు నాటుట వ్యర్థము కాదా? వ్యర్థమని నేనును ఒకప్పుడు తలంచితిని. ఇప్పుడట్లు చెప్పజాలను. నాటిన దిబ్బలో చేపలు చేరుచున్నవి. వేడికి తాళిన పగడములే రేపటి విత్తనము. అయితే నాటుట గునపపు అప్పును కొంత తీర్చునేగాని వేడి అప్పును తీర్చదు. ఈ రెంటిని ఒక్కటిగా లెక్కవ్రాసి, నాటిన పలకల ఛాయాచిత్రము చూచి నెమ్మదిపడు మనస్సాక్షిని నేను నమ్మను. నా మనస్సాక్షియు అందులోనిదే.

కొమ్మల పగడము ఏటికి కొద్ది అంగుళములు పెరుగును. బండ పగడమైతే అర అంగుళము పెరుగుటయే అరుదు. 2010కిని 2016కిని నడుమ దానికి దొరికిన వ్యవధి ఆరేండ్లు.