శిక్షకుని ప్రజ్ఞ - సామాన్యుని కీర్తి

సమర్థుడైన శిక్షకుని కింద ఆడిన సామాన్య క్రీడాకారుడు ప్రేక్షకుల జ్ఞాపకంలో మేటిగా నిలిచిపోతాడు. అదే వ్యక్తి దిక్కులేని జట్టులో ఆడి ఉంటే అతని పేరు తలచేవారే ఉండరు. జ్ఞాపకం వేసే ఈ తూకం న్యాయమైనదేనా?

హైదరాబాదు నగర పోలీసు ఫుట్‌బాల్ జట్టు చరిత్ర ఈ ప్రశ్నను బలంగా ముందుకు తెస్తుంది. ఉపాధ్యాయవృత్తి నుండి వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలుచుకొన్నది. ఆయన ఆధ్వర్యంలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణం సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం పొందింది. 1963 జూన్‌లో ఆయన మరణించిన తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం భారతదేశానికి మళ్లీ దక్కలేదు.

బంతిని తనవద్దే అట్టిపెట్టుకొని మెరిసే ఆటకంటే, తోటివానికి వెంటనే అందించే ఆటను రహీం ఆదరించారు. బలహీనమైన కాలితోనే తన్నాలన్న నియమంతో పోటీలు పెట్టేవారని చెబుతారు. ఇటువంటి సాధన వల్ల అధికంగా లాభపడేది మధ్యరకం ఆటగాడే. సికింద్రాబాదుకు చెందిన తులసీదాస్ బలరాం వంటి ప్రతిభావంతుడు కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌కు ఆడినా రాణించాడు. అందరికీ అది సాధ్యం కాదు.

అయితే ఆ కీర్తి అరువు సొమ్మేనా? సూరత్‌లోని ఉధ్నా ప్రాంతపు మరమగ్గాల షెడ్లలో తెలంగాణ నుండి వలసవెళ్లిన పద్మశాలీలు ఎందరో పనిచేశారు. మగ్గాన్ని చక్కగా సరిచేసి ఇచ్చే మాస్టరు ఉన్నచోట సాధారణ నేతగాని బట్ట కూడా లోపం లేకుండా దిగుతుంది. కాని తెగిన పోగును కనిపెట్టి ముడివేసేది నేతగాని చేయే. ఆ చేతిని విస్మరించి మాస్టరును మాత్రమే పొగడడం సగం లెక్క.

ఓటమి విషయంలో జ్ఞాపకం మరీ పక్షపాతం చూపుతుంది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత జట్టు 10-1 తేడాతో ఓడినప్పుడు కూడా శిక్షకుడు రహీమే. ఆ పరాజయం ప్రస్తావనకు వస్తే ముందుగా గుర్తుకు వచ్చేది బూట్లు లేని ఆటగాళ్ల పాదాలు. గెలుపు గురువు ఖాతాలోకి, ఓటమి శిష్యుల ఖాతాలోకి జమ కావడం చరిత్రకారులు కూడా తరచు చేసే పొరపాటే.

1962 జకార్తా తుది పోటీలో, అంతకుముందే తలకు గాయమైన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను రహీం ముందువరుసలో ఆడించారు. అతడు గోలు చేశాడు; భారత్ దక్షిణ కొరియాపై 2-1 తేడాతో నెగ్గింది. అతనిని అక్కడ నిలబెట్టిన నిర్ణయం శిక్షకునిది. గాయంతో ఆడి బంతిని వలలోకి పంపినవాడు జర్నైల్. గోల్స్ పట్టికలో పి.కె. బెనర్జీ పేరు పక్కన కనిపించేది అతని పేరే.