పనిముట్టు దించిన చేయి

హథ్‌ఖోజ్‌లో ఉదయము యంత్రముల చప్పుడుతో ఆరంభమగును. భిలాయి ఉక్కు కర్మాగారమునకు చేరువనున్న ఈ పారిశ్రామికవాడలో ఇనుమును కోయు చేతులు, అతుకు చేతులు, సానపట్టు చేతులు పొద్దస్తమానము పనిచేయుచునే యుండును. సోవియట్ దేశపు సహాయముతో కట్టబడిన ఆ కర్మాగారములో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున ప్రారంభింపబడెను. బ్రదుకుతెరువు వెదకుచు తెలుగు సీమనుండి భిలాయికి వచ్చి స్థిరపడిన కుటుంబములు అనేకములు. ఇట్టి ఊరిలో క్రొత్తవానిని అడుగు మొదటి ప్రశ్న, “ఏమి పని చేయుచున్నారు?” అనునదే. “ఇప్పుడేమియు లేదు” అని బదులు చెప్పవలసిన దినమున మనుష్యుని విలువ ఏమగును?

ఇచ్చట ముప్పదియైదేండ్లు చికిత్స చేసిన దంతవైద్యుని ఒకని మన మనస్సులో నిలుపుకొందము. మెడ వంచి, నడుము ప్రక్కకు త్రిప్పి, ఇరుకైన నోటిలో వెంట్రుకవాసి తప్పక చేయవలసిన పని అతనిది. ఒకనాడు అతని వ్రేళ్లు సన్నగా వణకినవి. రోగి దానిని గమనింపలేదు, అతడు గమనించెను. “డాక్టరుగారూ, మీ హస్తవాసి మంచిది, మరియొకరిచేత పన్ను ముట్టనీయము” అని జనులు ఇంకను వచ్చుచున్నారు. కొనసాగుట ప్రేమయా? లేక పొగడ్తను విడువలేని బలహీనతయా? ఎదుటివాడు కనుగొనకమునుపే తన చేతి వణకును తాను ఒప్పుకొని పనిముట్టు దించువాడు ఆ దినమున రోగికి గొప్ప మేలు చేయుచున్నాడు. అతని వైద్యములో అదియు ఒక భాగమే.

సంఖ్యాకాండము ఎనిమిదవ అధ్యాయములో లేవీయులను గూర్చిన కట్టడ ఒకటి కలదు. ఏబది యేండ్లు నిండినవాడు గుడారపు పనినుండి తొలగవలెను. అయినను అతడు వెలివేయబడినవాడు కాడు. తన సహోదరులకు తోడుగా నుండి కావలి కాయవలెను. భుజముమీది బరువు తీయబడెనుగాని బాధ్యత తీయబడలేదు. ఈ భేదమును గ్రహింపనివారు ఇద్దరు: బరువును విడువనొల్లనివాడు ఒకడు, బరువుతోపాటు బాధ్యతనుకూడ పారవేయువాడు మరియొకడు.

మన దేశపు దంతవైద్య చరిత్రలో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్‌గారి జీవితము ఇచ్చట తలంపదగినది. ఆయన 1890లో జన్మించి, అమెరికాలోని అయోవాలో చదివి 1915లో దంతవైద్య పట్టము పొందెను. స్వదేశమునకు తిరిగివచ్చి 1920లో కలకత్తాలో భారతదేశపు మొదటి దంతవైద్య కళాశాలను స్థాపించెను. మొదటి సంవత్సరములలో విద్యార్థులు బహు కొద్దిమంది. ఆయన దానిని దాదాపు మూడు దశాబ్దములు పెంచి, 1949లో పశ్చిమ బెంగాలు ప్రభుత్వమునకు అప్పగించెను. పిమ్మట 1950 మొదలు 1962 వరకు ఆ రాష్ట్రమున మంత్రిగా వ్యవసాయము, సహకారము మొదలైన శాఖలను నిర్వహించెను. 1965లో మరణించెను. తన చేతులతో పెంచినదానిని ఇతరుల చేతులకు అప్పగింపగలిగినందుననే ఆయన చేతులు మరియొక పనికి ఖాళీ అయినవి.

అందరును మంత్రులు కానక్కరలేదు. ఛత్తీస్‌గఢ్‌లో గుడాఖు అను పొగాకు ముద్దతో పండ్లు తోముకొను అలవాటు అనేకులకు కలదు. గుట్కా నములువారును కొదువ కారు. నోటిలో నొప్పిలేని తెల్లని మచ్చ యేర్పడును. నోరు తెరచుట క్రమముగా కష్టమగును. అట్టి మచ్చలలో కొన్ని కాలక్రమమున పుట్టకురుపుగా మారగలవు. దానిని కనిపెట్టి, “ఆలస్యము చేయక ఆసుపత్రికి పొమ్ము” అని చెప్పుటకు వణకని చేయి అక్కరలేదు. దీపమును, ఎరిగిన కన్నును, కొంత ఓపికయు చాలును. కావలి కాయుట యనగా ఇదియే.

అయితే ఇంకను కఠినమైన ప్రశ్న ఒకటి మిగిలియున్నది. క్లినిక్కు మూసిన మరుసటి వారమే కమిటీలలో కుర్చీలు వెదకుకొను పెద్దలను మన మెరుగుదుము. ముప్పదియైదేండ్లు రాత్రి భోజనమునకు ఒంటరిగా కనిపెట్టిన భార్య ఆ తరువాతను కనిపెట్టుచునే యుండును. సేవ యను మంచి పేరుతో ఇంటినుండి పారిపోవుట సాధ్యమే. దంతవైద్యునికి ఒక విచిత్రమైన అలవాటుండును: నోరు తెరచియున్నవారిని ప్రశ్నలడుగుట. వారు బదులు చెప్పలేరు. ఆయన మాటలాడుచునే యుండును. ఇంట కూడ అట్లే జరిగియుండవచ్చును. ఇప్పుడైనను అతడు ప్రశ్న అడిగి, ఊరకుండి, జవాబు వినుట నేర్చుకొనవలెను. కుమారుడు చెప్పు సంగతి చేదుగా నుండినను మధ్యలో అడ్డుపడక వినవలెను. భార్య చిరకాలము దాచుకొన్న మాట బయటికి వచ్చువరకు కూర్చుండవలెను. ఈ పనికి పేరు పలక లేదు, రుసుము లేదు, పొగడ్తయు లేదు. కనుకనే ఇది అతని హృదయమును పరీక్షించును.

ప్రియ చదువరీ, నీ వృత్తి ఏదైనను, పనిముట్టు దించవలసిన దినము నీకును వచ్చును. అంతవరకు నీ చేయి పట్టుకొన్నవారు ఎవరో, పట్టుకొనవలెనని కోరి దానిని అందుకొనలేకపోయినవారు ఎవరో నేడే యోచించుము. ఖాళీ అయిన చేతిని మొదట ఎవరికి చాపవలెనో అప్పుడు నీకు తెలియును.