ఇచ్చిన చేతికి పెత్తనము కలదా?

ధ్యాన భాగము: 2 రాజులు 4:1-7



మన సంఘములలో బీదల నిధిని పంచవలసినప్పుడెల్ల ఒక ప్రశ్న లేచుచుండును. కష్టములో నున్న కుటుంబమునకు బియ్యము, చీర, దుప్పటి కొని యియ్యవలెనా, లేక రొక్కమే చేతికియ్యవలెనా? రొక్కమిచ్చిన యెడల త్రాగుడుకు పోవునని పెద్దలలో ఒకరైనను అనుట కద్దు. ఈ మాట వెనుక మరింత లోతైన ప్రశ్న యున్నది. ఇచ్చినవానికి ఇచ్చినదాని మీద పెత్తనము కలదా? బీదవాడు తన యింటి అవసరమును తానెరుగడని తలంచుట న్యాయమా?

రెక్కాడిన గాని డొక్కాడని ఒక కూలి కుటుంబమును చూడుడి. వేసవిలో పని లేదు. బిడ్డకు జ్వరము వచ్చినది. అయిదు వేల రూపాయలు అప్పు తెచ్చిరి. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీ చొప్పున నెలకు 150 రూపాయలు, ఏడాదికి 1,800 రూపాయలు వడ్డీకే పోవును, అసలు కదలదు. అప్పిచ్చిన ఆసామి నాట్లకు పిలిచిన దినమున, బయట కూలి యెక్కువ దొరికినను అతని పొలమునకే పోవలెను. అట్టి యింటికి మనము బియ్యమిచ్చితిమి. మంచిదే. అయితే ఆ అప్పు ముడి బియ్యముతో వీడదు. ఇచ్చిన బియ్యమునే తక్కువ ధరకు అమ్మి, ఆసుపత్రికి బస్సు చార్జీ తెచ్చుకొను తల్లులును కలరు. అదే వెల రొక్కముగా నిచ్చిన యెడల, ఏ చిల్లును ముందు పూడ్చవలెనో ఆ తల్లికి మనకంటె బాగుగా తెలియును.

ఇప్పుడు ఎలీషా దినములలోని విధవరాలిని చూతము. భర్త చనిపోయెను. అప్పులవాడు ఆమె యిద్దరు కుమారులను దాసులుగా తీసికొనిపోవుటకు వచ్చియుండెను. ప్రవక్త ఆమెను గద్దించలేదు. అప్పు ఎందుకు చేసితివని విచారణ జరుపలేదు. నీ యింట ఏమున్నదని అడిగెను. ఉన్న కొద్ది నూనె విస్తరించెను. ఆ నూనె త్రాగి బ్రదుకుటకు కాదు, అమ్ముటకు. అనగా బజారులో రొక్కమగు వస్తువే ఆమె చేతికి వచ్చెను. అప్పు తీర్చి మిగిలినదానితో బ్రదుకుమని ఆలోచన చెప్పెనే గాని, అమ్మకమును లెక్కయు ఆమెకే విడిచెను. మరియొక సంగతి గమనించుడి. ఆ నూనె పోసినది మూసిన తలుపుల వెనుక. ఆమె బీదతనము ఊరికి వింత కాలేదు.

నమ్మి యిచ్చిన డబ్బు ఏమగునో పరీక్షించి చూచినవారు కలరు. 2011లో మధ్యప్రదేశ్‌లో సేవా అను మహిళా కార్మిక సంఘము యూనిసెఫ్ సహాయముతో ఎనిమిది గ్రామములలో పెద్దలకు నెలకు 200 రూపాయలు, పిల్లలకు 100 రూపాయలు ఏ షరతును లేక ఇచ్చెను. ఏడాది తరువాత అవి 300, 150 రూపాయలాయెను. పిల్లల సొమ్ము తల్లి చేతికి, స్త్రీల సొమ్ము వారి పేరిటనే ఇచ్చిరి. సహాయము లేని ఇతర గ్రామములతో పోల్చి చూచినప్పుడు, ఈ గ్రామములలో తిండి మెరుగుపడెను, బడికి పోవు పిల్లలు పెరిగిరి, పశువులను కొనిరి, అప్పుల భారము తగ్గెను. త్రాగుడు పెరిగినట్లు కనబడలేదు. జనులు పని మానలేదు. పలువురు పరుల పొలమునకు బదులు తమ చిన్న చెలకలో ఎక్కువ పని చేసిరి.

అయితే త్రాగుబోతు ఇంట ఏమి చేయవలెను? అక్కడ భార్య చేతికిచ్చుట, లేక బియ్యమే యిచ్చుట వివేకము. ఒక యింటి తప్పును పది యిండ్లకు అంటగట్టుట మాత్రము వివేకము కాదు. పౌలు 2 థెస్సలొనీకయులకు 3:10లో చెప్పిన హెచ్చరికను కొందరు ఎత్తి చూపుదురు. ఆ హెచ్చరిక పని చేయ నిష్టపడని వానికే గాని, పని దొరకని వానికి గాని, రోగముచేత లేవలేని వానికి గాని కాదు. మత్తయి 20వ అధ్యాయములో యజమానుడు సాయంకాలమున వచ్చిన కూలివారికిని పూర్తి దేనారమిచ్చెను. వారు సోమరులు కారు. వారిని ఎవరును కూలికి పిలువలేదు. ఆ దేనారమును ఎట్లు ఖర్చు పెట్టెదరని అతడు అడుగలేదు. ఆ రాత్రి వారి యింట పొయ్యి వెలుగవలెను, అంతే.

రొక్కము సమస్తమును బాగుచేయదు. బడిలో ఉపాధ్యాయుడు లేనప్పుడు, ఆసుపత్రిలో మందు లేనప్పుడు, ఇంటిలోని డబ్బు ఆ కొరతను తీర్చలేదు. రోగి ప్రక్కన కూర్చుండుటకు డబ్బు బదులు రాదు. మరియు సహాయము చేరవలసిన చోటికి చేరుచున్నదా యని చూడవలెను. 2018లో తెలంగాణలో రైతుబంధు పథకమున ఎకరమునకు పంట కాలమునకు 4,000 రూపాయల చొప్పున ఇచ్చిరి. అది పట్టా గలవారికి మేలాయెను. కౌలు రైతుకును భూమిలేని కూలికిని చేరలేదు. ఎక్కువ భూమికి ఎక్కువ సొమ్ము, భూమి లేని యింటికి సున్న! జాబితాలో పేరు లేని అట్టి యింటిని వెదకి కనుగొనుట సంఘము పని.

కాబట్టి ప్రియులారా, బీదల నిధిని పంచునప్పుడు మొదట ఆ యింటివారినే అడుగుదము: మీకేమి కావలెను? వారు రొక్కము కావలెనన్న యెడల, రహస్యముగా, గుడి ముందు నిలువబెట్టక, ఫోటో తీయక ఇచ్చెదము. ద్వితీయోపదేశకాండము 15:7-8లో దేవుడు చెయ్యి విప్పుమని ఆజ్ఞాపించెను. ఇచ్చిన తరువాత కూడ సొమ్ము కొనను పట్టుకొని యుండు చెయ్యి ఇంకను పూర్తిగా విప్పబడలేదు. మనము యోగ్యులమని రుజువు చేసికొన్న తరువాత దేవుడు మనకు తన కృప నిచ్చెనా? లేదు, ముందుగా ఇచ్చెను, నమ్మి యిచ్చెను. ఉచితముగా పొందినవారము పొరుగువానిని అనుమానముతో కొలువకుందుము గాక. ఆమేన్.