మనోడు చెప్పాడని

 

ఉపాసక ఉపాసికలారా, తథాగతుడు ఒకసారి కోసల దేశంలో కేసపుత్తమనే ఊరికి వెళ్లాడు. ఆ ఊరివాళ్లని కాలాములంటారు. వాళ్లు వచ్చి తమ బాధ చెప్పుకున్నారు. మా ఊరికి వచ్చిన ప్రతి గురువూ తన మాటే నిజమంటాడు, పక్కవాడి మాటను తీసిపారేస్తాడు, ఎవర్ని నమ్మాలో తెలీడం లేదన్నారు. బుద్ధుడు వాళ్లని కోప్పడలేదు. నన్ను నమ్మితే చాలు అని కూడా అనలేదు. సందేహించాల్సిన చోటే సందేహించారు అన్నాడు.

ఈ కాలామ సూత్రం మనం చాలాసార్లు విన్నదే. గ్రంథంలో ఉందని నమ్మొద్దు, తాతల నాటి నుంచీ వస్తోందని నమ్మొద్దు అని చెప్పుకుంటాం. అవి మనకి తేలిక. 22 ప్రతిజ్ఞలు తీసుకున్న రోజునే ముహూర్తాలూ పంతుళ్లూ పోయాయి. కానీ ఆ జాబితాలో మొత్తం పది ఉన్నాయి. చివరి రెండింటి దగ్గరకి వచ్చేసరికి మనం గొంతు తగ్గిస్తాం. మాట్లాడేవాడు సమర్థుడిలా కనిపిస్తున్నాడని నమ్మొద్దన్నది తొమ్మిదోది. ఈయన మన గురువని నమ్మొద్దన్నది పదోది. పరాయివాణ్ణి అనుమానించడం ఎవరైనా చేస్తారు. మనవాడి మాటని కూడా పరీక్షించమన్నాడు బుద్ధుడు. అంతెందుకు, నా బుర్రకి సబబుగా తోచింది కదా అన్నది కూడా ఆ పదిలోనే ఉంది.

ఇప్పుడు మన పేటలోకి వద్దాం.

డబ్బు స్కీము మన గడప ఎక్కేటప్పుడు పరాయివాడి చేత రాదు. బావమరిది తెస్తాడు, మేనత్త కొడుకు తెస్తాడు, సంఘంలో నాలుగేళ్లు కలిసి తిరిగిన అన్న తెస్తాడు. చేతిలో ఫైలు, మొదటి పేజీ మీద బాబాసాహెబ్ ఫొటో. "జై భీమ్ అన్నా, మనోళ్లు ఎన్నాళ్లు కూలి చేస్తారు? మనం కూడా బిజినెస్‌లోకి రావాలి" అంటాడు. ఆ మాటలో నిజం ఉంది, అందుకే గుండెకి తగుల్తుంది. తరతరాలుగా భూమీ, వ్యాపారమూ మన చేతికి రానివ్వలేదు. ఆ ఆకలి మీదే వల వేస్తారు.

నువ్వు ఐదుగుర్ని చేర్పించు, వాళ్లు ఒక్కొక్కరూ ఐదుగుర్ని చేరుస్తారు, కూర్చున్న చోటికి డబ్బొస్తుంది అంటాడు. లెక్క కట్టి చూడండి, మీ ఇంట్లో పదో తరగతి పిల్ల చేసి పెడుతుంది. ఐదు, ఇరవై ఐదు, నూట ఇరవై ఐదు... పదమూడో మెట్టుకి ఆ ఒక్క మెట్టులోనే 122 కోట్ల మంది కావాలి. పద్నాలుగో మెట్టుకి దేశంలో మనుషులు చాలరు. గొలుసు ఎక్కడో తెగాల్సిందే, తెగినప్పుడు కిందనున్న వాళ్లే ఎక్కువమంది. వాళ్లెవరు? మనం చేర్పించిన మన అక్కచెల్లెళ్లు.

గొలుసు లేని స్కీము అయితే భయం లేదనుకోవద్దు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్‌లో సుమారు 32 లక్షల మంది 6 వేల కోట్లకు పైగా పోగొట్టుకున్నారు. ఇంటింటికీ తిరిగి వసూలు చేసిన ఏజెంట్లు ఆ ఊళ్ల వాళ్లే. జనం కంపెనీ కాగితం చదివి కట్టలేదు, పక్కింటి మనిషి ముఖం చూసి కట్టారు. ఆ ఏజెంటూ మోసం చేద్దామని వచ్చినవాడు కాకపోవచ్చు, అతనూ నమ్మాడు. మనవాడు మంచివాడే కావచ్చు. మంచివాడైనంత మాత్రాన స్కీము మంచిదైపోదు.

మరి దేన్ని పట్టుకుని తేల్చుకోవాలి? కాలాముల్ని బుద్ధుడు తిరిగి ప్రశ్నలడిగాడు. లోభం పుడితే మనిషికి మేలా కీడా? ద్వేషం పుడితే? మోహం పుడితే? కీడే అన్నారు వాళ్లు. ఆ కొలత పెట్టి చూడండి. ఈ రోజే చేరకపోతే అవకాశం పోతుంది అన్నవాడు మీలో లోభాన్ని కదిలిస్తున్నాడు. ఫోన్లోకి వచ్చిన వీడియో చూడగానే ఎవర్నో కొట్టాలనిపించిందంటే అది ద్వేషాన్ని లేపడానికి తయారైంది. పేపరు సంగతి బాబాసాహెబ్‌కి బాగా తెలుసు. 1920లో మూక్‌నాయక్ పెట్టినప్పుడు, డబ్బిస్తామన్నా కేసరి పత్రిక ఆ ప్రకటన వేయలేదు. అలాగని మన గ్రూపులో వచ్చిందల్లా నిజమైపోదు. బాబాసాహెబ్ ఎన్నడూ అనని మాటలు ఆయన ఫొటో కింద ఎన్ని తిరుగుతున్నాయో చూస్తూనే ఉన్నాం.

ఇంకోటి, నవ్వే బుద్ధుడి బొమ్మ. ధనం వస్తుందని మన ఇళ్లలోనే కొంతమంది కొని పెడుతున్నారు. ఆ పొట్ట బొమ్మ చైనాలోని బుదాయ్ అనే భిక్షువుది, తథాగతుడిది కాదు. పేరు బుద్ధుడిది, పని తాయెత్తుది.

డబ్బు సంపాదించొద్దని ధమ్మం చెప్పలేదు. దీఘజాణు అనే కోలియుడు వచ్చి, పెళ్లాం పిల్లలతో బతికేవాళ్లం, మాకు పనికొచ్చేది చెప్పమని అడిగితే బుద్ధుడు నాలుగు చెప్పాడు. కష్టపడి సంపాదించడం, సంపాదించింది కాపాడుకోవడం, మంచి స్నేహం, రాబడికి లోబడి ఖర్చు. రెండోది చూడండి, కాపాడుకోవడం కూడా ధమ్మమే. బాబాసాహెబ్ రూపాయి మీదే పెద్ద గ్రంథం రాశారు, 1923లో లండన్లో అచ్చయింది. ఆయన పిల్లలమై ఉండి కాగితం చదవకుండా సంతకం పెట్టడమేంటి?

చిట్టీ కంపెనీ అయితే రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, 1982 చట్టం ప్రకారం అది ఉండాలి. మనుషుల్ని చేర్పిస్తే డబ్బిచ్చే గొలుసు స్కీముల్ని 1978 చట్టమే నిషేధించింది. డిపాజిట్ అంటే, ఆ కంపెనీకి తీసుకునే అనుమతి ఉందో లేదో రిజర్వు బ్యాంకు వాళ్ల సచేత్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. తెచ్చినవాడు బావమరిదైనా సరే అడగండి, నవ్వుతూనే అడగండి.

వచ్చే పౌర్ణమికి విహారానికి వచ్చేటప్పుడు ఇంట్లో ఉన్న చిట్టీ పుస్తకాలు, బాండ్లు, రసీదులు సంచిలో వేసుకుని రండి. వందనం అయ్యాక చదువుకున్న పిల్లలు కూర్చుని ఒక్కొక్కటీ చదివి చెప్తారు.